మాక్‌బెత్ బాకు: స్టేజీ మీద చూపించాలా, వద్దా?

గుంటూరు_రిహార్సల్ అడిగారు:

అందరికీ నమస్కారం. మాది గుంటూరు. డిగ్రీ చదివే పిల్లలం కొంతమందిమి కలిసి షేక్‌స్పియర్ నాటకం మాక్‌బెత్ రెండో అంకాన్ని తెలుగులో వేస్తున్నాం. నాటకం మొత్తం కాదు, డంకన్ రాజు హత్య జరిగే ఆ ఒక్క రాత్రే. వెంకటేశ్వర విజ్ఞాన మందిరంలో వేద్దామని ఉంది. సాయంత్రాలు బ్రాడీపేటలో ఒక మిత్రుడి డాబా మీద రిహార్సల్స్ చేసుకుంటున్నాం. డైరెక్షన్ నాది.

పని ఒక్క బాకు దగ్గర ఆగిపోయింది. హత్యకు వెళ్ళబోతూ మాక్‌బెత్‌కి గాల్లో బాకు కనపడుతుంది కదా. పైనుంచి నైలాన్ దారంతో ఒకటి వేలాడదీద్దామని ఒకరంటారు. వెనక తెల్లగుడ్డ కట్టి ప్రొజెక్టర్‌తో వేద్దామని ఇంకొకరు. ఏమీ చూపించకూడదని నాకనిపిస్తోంది, కానీ ఎందుకో గట్టిగా చెప్పలేకపోతున్నాను. వేషం కట్టినవాడు మాత్రం "ఏమీ లేకపోతే నేనెటు చూడాలిరా" అని అడుగుతున్నాడు.

ఇంకో సంగతి. మా నాన్నగారు పద్యనాటకాలు చూస్తూ పెరిగిన మనిషి. కథ విని, "నిద్రపోయేవాణ్ణి పొడిచినవాడు హీరో ఏంట్రా, మనవాళ్ళు కూర్చుని చూడరు" అన్నారు. మన కావ్యాల్లో గద, విల్లు, ఖడ్గం ఉంటాయి. చిన్న బాకు ఎక్కడుంది? కథను పల్నాడుకు మార్చి, మాక్‌బెత్ మొలలో కఠారి పెడితే ఇక్కడివాళ్ళకి దగ్గరవుతుందా? అసలు షేక్‌స్పియర్ అక్కడ కత్తి పెట్టకుండా బాకు ఎందుకు పెట్టాడు?

తెలిసినవాళ్ళు చెప్పండి.

*

బెజవాడ_లైట్‌బోర్డు రాశారు:

దారం మాత్రం కట్టొద్దు బ్రదర్. హాల్లో ఫ్యాన్లు తిరుగుతుంటాయి, బాకు గింగిరాలు కొడుతుంది. ముందు వరసలో పిల్లలు నవ్వితే మీ వాడు ఆ సీనులో మళ్ళీ నిలదొక్కుకోలేడు. ప్రొజెక్టర్ వేస్తే ఆ వెలుతురు నటుడి మొహమ్మీద కూడా పడుతుంది, మొహం చదునుగా కనపడుతుంది.

చూడాల్సిన చోటు గురించి: ఎదురుగా వింగ్‌లో, కంటి ఎత్తుకు జానెడు పైన, చిన్న రేడియం స్టిక్కర్ అంటించండి. ప్రేక్షకులకి కనపడదు, అతనికి కనపడుతుంది. మాట్లాడుతూ ఎంత కదిలినా చూపు ఆ చుక్క మీదే ఉండాలి. చూపు ఒకచోట నిలిస్తే అక్కడేదో ఉందని జనం నమ్ముతారు. పక్కనుంచి ఒక్క సన్నటి స్పాట్, మిగతా అంతా చీకటి. హనుమంతరాయ గ్రంథాలయం స్టేజీ మీద ఇలాంటి సీన్లకి లైటింగ్ చేశాను, పని చేస్తుంది.

చేతిలో వాడే బాకులకి పదునుండకూడదు. చెక్కతో చేయించి పైన అల్యూమినియం రేకు వేయించండి.

*

సత్యనారాయణపురం_లెక్చరర్ రాశారు:

బాబూ, నీ ప్రశ్న చూశాక పుస్తకం తీసి రెండో అంకం మళ్ళీ మొదటినుంచీ చదివాను. ఈ అంకాన్ని క్లాసులో ఏళ్ళ తరబడి చెప్పినదాన్ని, పిల్లల చేత వేయించినదాన్ని. నాకు తోచింది సూటిగానే చెబుతాను. గాల్లో కనపడే బాకు మీద మీరు పెడుతున్న ఆలోచనలో సగమైనా తీసి, తర్వాతి దృశ్యంలో మాక్‌బెత్ చేతుల్లో ఉండే నిజం బాకుల మీద పెట్టండి. నాటకమంతా అక్కడుంది.

ముందుగా, ఆ రాత్రి ఆయుధం ఎవరి చేతినుంచి ఎవరి చేతికి పోతున్నదో వరసగా చూడు. అంకం మొదలవుతూనే బాంకో తన కత్తిని కొడుకు ఫ్లియాన్స్‌కి ఇచ్చేస్తాడు. నిద్ర సీసంలా మీద పడుతున్నా పడుకోబుద్ధి కావడం లేదంటాడు. చీకట్లో అడుగుల చప్పుడు వినపడగానే "నా కత్తి ఇటివ్వు. ఎవరది?" అంటాడు. వచ్చినవాడు మాక్‌బెత్, ఆ ఇంటి యజమాని. స్నేహితుడి కోటలో అతిథిగా దిగినవాడు అర్ధరాత్రి కత్తి కోసం చెయ్యి చాపాడంటే ఆ ఇంట్లో గాలి ఎలా ఉందో చెప్పడానికి వేరే మాటలు అక్కర్లేదు. టైము కలిసొస్తుందని చాలామంది ఈ ముక్క కోసేసి నేరుగా స్వగతంతో మొదలుపెడతారు. మీరు మాత్రం కోయొద్దు.

తర్వాత మాక్‌బెత్ ఒంటరిగా మిగులుతాడు. "పిడి నా చేతివైపు తిప్పి, ఎదురుగా కనపడుతున్నది బాకేనా? రా, నిన్ను పట్టుకోనీ" అని చెయ్యి చాపుతాడు. చేతికి దొరకదు, కంటికి మాత్రం కనపడుతూనే ఉంటుంది. కాగిపోతున్న బుర్రలోంచి పుట్టిన బాకువా అని దాన్నే అడుగుతాడు. ఆ వెంటనే ఒక పని చేస్తాడు, దీన్ని పిల్లలు తరచూ వదిలేస్తుంటారు: తన మొలలో ఉన్న సొంత బాకు దూస్తాడు. "ఇదిగో, నేనిప్పుడు దూసిన దీనంత స్పష్టంగానూ కనపడుతున్నావు" అంటాడు. అంటే ఆ క్షణంలో మాక్‌బెత్‌కి రెండు బాకులు కనపడుతున్నాయి, మనకి ఒకటే. మీరు దారం కట్టి ఇంకోటి వేలాడదీశారనుకో, మనకీ రెండూ కనపడతాయి. అతను చూసేదే మనమూ చూస్తుంటే అతని ఒంటరితనం పోతుంది. చూస్తుండగానే ఆ బాకు అలుగు మీదా పిడి మీదా నెత్తుటి చుక్కలు మొలుస్తాయి. "ఇంతకుముందు ఇవి లేవు" అంటాడు. ఆ చుక్కలు నటుడి కళ్ళలోంచి మనకి కనపడాలి తప్ప ప్రొజెక్టర్‌తో అయ్యే పని కాదు.

నీకు గట్టి ఆధారం కావాలంటే ఇదిగో. 1623లో అచ్చయిన షేక్‌స్పియర్ నాటకాల తొలి సంపుటిలో, మూడో అంకం విందు దృశ్యం దగ్గర, మాక్‌బెత్ చంపించిన బాంకో దయ్యమై వచ్చి మాక్‌బెత్ ఆసనంలో కూర్చుంటుందని రంగసూచన ఉంది. బాకు దగ్గర ఏ సూచనా లేదు. దయ్యాన్ని స్టేజీ మీదికి రప్పించినవాళ్ళు బాకును రప్పించలేదు. అదే విందులో లేడీ మాక్‌బెత్, "నిన్ను డంకన్ దగ్గరికి నడిపించిందని చెప్పావే, ఆ గాలి బాకు లాంటిదే ఇదీ" అని మొగుణ్ణి దెప్పుతుంది. కాబట్టి మీ వాళ్ళతో వాదన పెట్టుకోకుండా ఈ రెండు చోట్లూ చదివి వినిపించు.

ఇక అసలు సంగతికి వస్తాను. అతను దూసిన సొంత బాకుతోనే డంకన్‌ని చంపాడా? కాదు. రాజు గదిలో కాపలా ఉన్న ఇద్దరు సేవకుల బాకులతో చంపాడు. మొదటి అంకం చివర్లో భార్యాభర్తలు వేసుకున్న పథకమే అది: సేవకులకి తాగించి, వాళ్ళ బాకులే వాడి, వాళ్ళకే నెత్తురు పూసి, నేరం వాళ్ళ మీదికి నెట్టడం. బాకులు సిద్ధంగా పెట్టింది లేడీ మాక్‌బెత్. "అతనికి కనపడకపోయే వీల్లేదు" అంటుంది. నిద్రపోతున్న రాజు మా నాన్నలా కనపడకపోతే నేనే పని కానిచ్చేదాన్ననీ అంటుంది. ఈ మాట నాకు ప్రతిసారీ గుండెల్లో గుచ్చుకుంటుంది, అంత కరకుగా ఉన్న మనిషి నోట అనుకోకుండా నాన్న అన్న మాట వచ్చినందుకు.

మాక్‌బెత్ బయటికొస్తాడు. చేతుల్లో ఆ బాకులున్నాయి. అవి అక్కడే ఉండాల్సినవి. అతనికి ఆ స్పృహ లేదు, ఆవిడా చూడలేదు. సేవకుల్లో ఒకడు నిద్రలో నవ్వాడనీ, ఇంకొకడు "హత్య" అని అరిచాడనీ, వాళ్ళు దేవుణ్ణి తలుచుకుంటే తనకి ఆమెన్ అన్న మాట గొంతులో అడ్డంపడిందనీ, "మాక్‌బెత్ నిద్రను చంపేశాడు" అని ఏదో గొంతు కోటంతా అరిచిందనీ చెబుతూనే ఉంటాడు. ఇదంతా అయ్యాక గానీ ఆవిడ చూపు అతని చేతుల మీదికి పోదు. "ఈ బాకులెందుకు తెచ్చావు అక్కడినుంచి?" ఈ ప్రశ్న వచ్చేదాకా హాల్లో కూర్చున్న ప్రతివాడికీ ఆ బాకులు కనపడుతూనే ఉండాలి. కనపడనిది వాళ్ళిద్దరికే. మీకు ఎత్తిచూపదగిన బాకు ఉన్నదంటే అది ఇదే.

మొదటి అంకంలో ఇతన్ని గురించి మనకి ముందుగా అందే కబురు ఏంటి? రణరంగంలో శత్రువుని బొడ్డునుంచి దవడలదాకా కత్తితో చీల్చాడని. అలాంటివాడు రెండు చిన్న బాకులు తీసుకెళ్ళి పక్క గదిలో పెట్టి రాలేడు. "నేనిక వెళ్ళను, చేసినదాన్ని తలుచుకుంటేనే భయంగా ఉంది" అంటాడు. అప్పుడామె "గుండెలేనివాడా, ఇలా ఇవ్వు బాకులు" అని లాక్కుని తనే వెళుతుంది. ఆవిడ లోపలుండగానే కోట తలుపు దబదబా బాదుతున్న చప్పుడు మొదలవుతుంది. తిరిగొచ్చి "నా చేతులూ ఇప్పుడు నీ చేతుల రంగే" అంటుంది.

మీ నటుడికి చెప్పు: చేతిలో బాకులున్నాయన్న సంగతి అతనికి తెలియకూడదు. వాటిని ఊపుతూ మాట్లాడకూడదు. చేతులు పక్కలకి వేలాడుతుండాలి. ఆవిడ తీసుకునేటప్పుడు వేళ్ళు బిగుసుకుపోయి ఉండాలి, ఒక్కొక్క వేలూ విప్పి తీసుకోవాలి. ఇదంతా మాట లేకుండా జరగనివ్వండి. తొందరపడొద్దు.

బాకే ఎందుకు అన్నావు. కత్తికి దూరం కావాలి, ఎదుటివాడు నిన్ను చూసే వీలుంటుంది, అతని చేతిలోనూ కత్తి ఉండొచ్చు. బాకుకి మనిషి కౌగిలించుకునేంత దగ్గరికి రావాలి. అందుకే నాటకకర్తలు దాన్ని ఎక్కువగా చుట్టాల చేతికీ, స్నేహితుల చేతికీ, అతిథుల చేతికీ ఇచ్చారు. మాక్‌బెత్ తనంతట తనే అంటాడు: డంకన్ నాకు చుట్టం, నా రాజు, నా ఇంటికొచ్చిన అతిథి, హంతకుడు రాకుండా తలుపు వెయ్యాల్సినవాణ్ణి, నేనే కత్తి పట్టడమా అని. తండ్రి చచ్చిపోయాడని తెలిసిన నిమిషంలో చిన్న కొడుకు డొనాల్‌బెయిన్ అన్నతో అంటాడు, ఇక్కడ మనుషుల నవ్వుల్లో బాకులున్నాయి, రక్తసంబంధం ఎంత దగ్గరైతే అంత ప్రమాదం అని.

జూలియస్ సీజర్ నాటకంలో షేక్‌స్పియర్ దీనికి పూర్తిగా తిరగేసి చేశాడు. డంకన్ చావు మనకి కనపడదు. సీజర్‌ని మాత్రం అందరి ఎదుటా పొడుస్తారు. కానీ ఊరిని మండించింది ఆ పోట్లు కావు, సీజర్ స్నేహితుడు ఆంటోనీ ఎత్తి చూపించిన పైవస్త్రం మీది చిరుగులు. "ఇదిగో, ఇక్కడ కాసియస్ బాకు దిగింది. ఇది కాస్కా చేసిన చిరుగు. ఇక్కడే బ్రూటస్ పొడిచాడు" అంటూ ఒక్కొక్క కంతకీ ఒక్కొక్క పేరు పెడతాడు. హత్య జరిగేటప్పుడు ఆంటోనీ అక్కడ లేడు, ట్రెబోనియస్ అతన్ని ముందే పక్కకి తీసుకుపోయాడు. ఏ కంత ఎవరిదో అతనికెలా తెలుస్తుంది? జనంలో ఒక్కడూ అడగడు. చరిత్ర సంగతికొస్తే అది క్రీ.పూ. 44 మార్చి 15న జరిగింది. ఒంటిమీద 23 గాయాలున్నాయనీ, వైద్యుడు చూసి వాటిలో రెండోది ఒక్కటే ప్రాణం తీసిందన్నాడనీ రోమన్ చరిత్రకారుడు సుయటోనియస్ రాశాడు. అదే బాకును బ్రూటస్ తన నాణెం మీద వేయించుకున్నాడు, రెండు బాకులు, మధ్యలో దాస్యం నుంచి విడుదలైనవాళ్ళు పెట్టుకునే టోపీ. అతని లెక్కలో అది స్వేచ్ఛ తెచ్చిన ఆయుధం.

మీ నాన్నగారి మాటకి వేరే జవాబుంది. ఆయనకి సౌప్తిక పర్వం గుర్తుచెయ్యి. తిక్కనగారు తెలుగు చేసిన పర్వాల్లో అదొకటి. యుద్ధం ముగిసిన రాత్రి అశ్వత్థామకి నిద్ర పట్టదు. మర్రిచెట్టు మీద నిద్రపోతున్న కాకుల్ని ఒక గుడ్లగూబ వచ్చి చంపుతుంటే చూసి, మనమూ ఇదే చేద్దామనుకుంటాడు. కృపాచార్యుడు వద్దని ఎంత చెప్పినా వినడు. పాండవ శిబిరం వాకిట్లో ఒక మహాభూతం అడ్డం నిలుస్తుంది. ఇతను వేసిన ఆయుధాలన్నీ అది మింగేస్తుంది. చేతులు ఖాళీ అయిపోయాక శివుణ్ణి ప్రార్థించి తన్ను తానే ఆహుతి చేసుకోబోతాడు. శివుడు ప్రత్యక్షమై ఖడ్గం ఇస్తాడు. ఆ ఖడ్గంతో లోపలికి పోయి నిద్రలో ఉన్నవాళ్ళని నరుకుతాడు. మాక్‌బెత్‌లో కూడా డంకన్ చచ్చే క్షణంలో గుడ్లగూబ అరుస్తుంది, లేడీ మాక్‌బెత్ వింటుంది. ఇక్కడా గుడ్లగూబ, అక్కడా గుడ్లగూబ, ఇక్కడా నిద్ర, అక్కడా నిద్ర. కాబట్టి నిద్రపోయేవాణ్ణి చంపడం మనవాళ్ళు వినని కథేం కాదు.

తేడా మాత్రం చాలా ఉంది. అశ్వత్థామ చేతులు ఖాళీ అయినప్పుడు దేవుడొచ్చి ఆయుధం ఇచ్చాడు. మాక్‌బెత్ చెయ్యి చాపితే గాలి తగిలింది. అతని చేతిలో ఎవరూ ఏమీ పెట్టలేదు, అతనే దూసుకున్నాడు. మీ నాన్నగారితో ఈ మాట అని చూడు.

*

కృష్ణలంక_చదువరి రాశారు:

మేడమ్‌గారు చెప్పినదానికి చిన్న చేర్పు. ఆడవాళ్ళ చేతిలో బాకు సంగతి కూడా చూడాలి. సుందరకాండలో అశోకవనంలో సీతమ్మ, ఈ రాక్షసుడి ఇంట్లో నాకు విషమిచ్చేవాళ్ళు గానీ ఆయుధమిచ్చేవాళ్ళు గానీ లేరే అని ఏడుస్తుంది. ఆ పదినెలల చెర ఎంత గట్టిదో నాకు ఆ ఒక్క మాటలో తెలిసింది. ప్రాణం మీద కూడా ఆవిడకి హక్కు మిగల్చలేదు. తర్వాత శుభశకునాలు కనపడతాయి, హనుమంతుడు రామకథ ఎత్తుకుంటాడు.

రోమియో జూలియెట్ నాటకంలో జూలియెట్‌కి అలా కాదు. నాలుగో అంకంనుంచే ఆ పిల్ల దగ్గర కత్తి ఉంటుంది. చచ్చినట్టు నిద్రపుచ్చే మందు తాగే రాత్రి, అది పనిచెయ్యకపోతే ఎలా అని బాకు పక్కన పెట్టుకుని పడుకుంటుంది. చివర్లో ఉపయోగపడింది మాత్రం రోమియో మొలలోది. కూతురి ఒంట్లో ఆ బాకు చూసి కాపులెట్ అంటాడు, దీని ఒర మాంటేగ్ కొడుకు నడుముకి ఖాళీగా వేలాడుతున్నది, ఇది దారి తప్పి నా బిడ్డ గుండెని ఒర చేసుకుంది అని. రెండిళ్ళ పగ గురించి అంతకంటే పెద్ద మాట ఆ తండ్రి ఎక్కడా అనలేదు.

*

కారెంపూడి_వైపు రాశారు:

పల్నాడు మాట వచ్చింది కాబట్టి చెబుతున్నా. మా కారెంపూడిలో కార్తీక అమావాస్యకి వీరుల ఉత్సవాలు ఐదు రోజులు జరుగుతాయి: రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కళ్ళిపాడు. వీరుల ఆయుధాలనే దేవుళ్ళుగా కొలుస్తారు, వాటిని పట్టుకొచ్చేవాళ్ళు వంశాలవారీగా వస్తారు. చిన్నప్పటినుంచీ ఆయుధాన్ని మేం పసుపుకుంకాలతోనే చూశాం. మా ఊరి జనం ముందు మాక్‌బెత్ మొలలో పల్నాటి ఆయుధం పెడితే దానికి దణ్ణం పెట్టబుద్ధవుతుంది, భయం వెయ్యదు. కథ మార్చొద్దని నా సలహా.

అన్నయ్యగారి నాన్నగారికి ఇంకో ఉదాహరణ. బొబ్బిలి. 1757 జనవరిలో కోట పడిపోయాక తాండ్ర పాపారాయుడు రాత్రి పూట గుడారంలోకి చొరబడి విజయనగరం రాజు విజయరామరాజుని పొడిచి చంపాడు. అదీ చీకట్లో చేసిన పనే. అయినా బుర్రకథలో ఆ ఘట్టం వస్తే జనం ఊగిపోతారు. మన గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి, 1986లో పద్మశ్రీ అందుకున్న షేక్ నాజర్‌గారు పల్నాటి యుద్ధం, బొబ్బిలి యుద్ధం రెండూ చెప్పినవారే. మా తాత ఆయన కథ విన్నానని ఇప్పటికీ చెబుతాడు. పాపారాయుడి వెనక కాలిపోయిన కోట ఉంది, చనిపోయిన ఆడవాళ్ళూ పిల్లలూ ఉన్నారు. డంకన్ ఏం పాపం చేశాడు? మాక్‌బెత్‌కి పదవిచ్చాడు, ఇంటికొచ్చి మెచ్చుకున్నాడు, ఇంటావిడకి వజ్రం పంపాడు. మీ నాన్నగారికి నచ్చనిది నిద్రలో చంపడం అయ్యుండదు, కారణం లేకుండా చంపడం అయ్యుంటుంది. ఆయన కడుపులో తిప్పినట్టయితే నాటకం పండినట్టే అని నాకనిపిస్తుంది.

*

గుంటూరు_రిహార్సల్ రాశారు:

అందరికీ ధన్యవాదాలు. నిన్న రిహార్సల్‌లో మేడమ్‌గారు చెప్పినట్టు రెండో దృశ్యం చేశాం. వేళ్ళు విప్పి తీసుకునే చోట డాబా మీద ఉన్నవాళ్ళెవరూ కదల్లేదు. దారం మానేశాం, ప్రొజెక్టర్ మానేశాం. రేడియం స్టిక్కర్ తెచ్చాను. నాన్నగారికి అశ్వత్థామ సంగతి చెబితే, "శివుడిచ్చాడు కాబట్టి అది వేరు" అన్నారు. తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు.

మేడమ్, ఇంకో రెండు సందేహాలు. కథ పల్నాడుకి మార్చకపోయినా బాకు ఆకారం మాత్రం మన కఠారిలా ఉంటే ఏమైనా ఇబ్బందా? చూడ్డానికి బాగుంటుంది. రెండోది, నెత్తురు. చేతులు ఎర్రగా కనపడాలి, కానీ కడుక్కుంటే పోవాలి. ఏం వాడాలి?

*

సత్యనారాయణపురం_లెక్చరర్ రాశారు:

మీ నాన్నగారి మాట నాకు నచ్చింది. ఆయన్ని ఒకసారి రిహార్సల్‌కి తీసుకురా, కూర్చోబెట్టి రెండో దృశ్యం చూపించు.

కఠారి వద్దు బాబూ. దాని పట్టు వేరు. అది పిడికిలితో ముందుకి గుద్దే ఆయుధం. రెండు పక్కలా రెండు కడ్డీలు, మధ్యలో అడ్డంగా పట్టు, పిడికిలి ముందు సూటిగా ముక్కోణపు అలుగు. కవచాన్ని పొడవడానికి మొనని దళసరిగా చేస్తారు. దర్జాగా నడుముకి ముందు దోపుకుని నలుగురికీ కనపడేలా తిరిగే ఆయుధం అది. విజయవాడ బందరు రోడ్డులో బాపు మ్యూజియానికి వెళ్ళి ఆయుధాల్ని దగ్గరగా చూసిరండి, ఏది చేతిలో ఎలా కూర్చుంటుందో ఊహకి అందుతుంది. కఠారి పెడితే మీకు రెండు చోట్ల ఇబ్బంది. "పిడి నా చేతివైపు తిప్పి" అన్న మాట దానికి అతకదు, పొడుగాటి పిడి ఉంటేనే అది మన చేతివైపు తిరిగినట్టుంటుంది. రెండోది, వేళ్ళు విప్పి తీసుకునే ఘట్టం. కఠారిలో వేళ్ళు కడ్డీల మధ్య ఇరుక్కుని ఉంటాయి, అమ్మాయి లాగితే ఊడి రాదు, పెనుగులాట అయిపోతుంది. మామూలు బాకే పెట్టండి. పిడి జానెడుకి తక్కువ ఉండాలి, అలుగు మరీ వెడల్పుండకూడదు. అవి సేవకుల బాకులు కాబట్టి నగిషీలు అక్కర్లేదు. మాక్‌బెత్ మొలలోది మాత్రం వేరుగా, కాస్త ఖరీదుగా కనపడాలి. ఆ రెండు రకాలూ వేరుగా ఉంటేనే, చంపింది తన బాకుతో కాదని ప్రేక్షకుడు గ్రహిస్తాడు. ఇది ఎవరూ మాటల్లో విప్పి చెప్పరు, వస్తువే చెప్పాలి.

అతను స్వగతంలో దూసిన బాకుని ఏం చెయ్యాలని నువ్వు అడగలేదు గానీ, నేనే చెబుతున్నా. గంట మోగగానే, ఈ గంట వినొద్దని డంకన్‌ని ఉద్దేశించి చెప్పే ముందు, ఆ బాకుని ఒరలో పెట్టెయ్యమను. ఖాళీ చేతులతో లోపలికి పోనివ్వు. తిరిగొచ్చేటప్పుడు వేరేవాళ్ళ బాకులతో వస్తాడు.

నెత్తురికి కుంకుమ నీళ్ళు వాడకండి, లైటు కింద పలచగా కనపడతాయి, కారిపోతాయి. పసుపూ సున్నమూ కలిపితే వచ్చే దిష్టినీళ్ళ ఎరుపు చూడ్డానికి బాగానే ఉంటుంది గానీ బట్టలకి అంటుకుంటే వదలదు, సున్నం చర్మానికి మంట. పలచటి పంచదార పాకంలో తినే ఎర్రరంగూ, చిటికెడు కాఫీ పొడీ కలపండి. కాఫీ పొడి వేస్తే ఆ ఎరుపు కాస్త ముదురుతుంది, లేకపోతే షర్బత్తులా కనపడుతుంది. చేతికి పట్టుకుంటుంది, నీళ్ళతో పోతుంది. లోపలికి వెళ్ళిన అమ్మాయికి వింగ్‌లో ఒక పళ్ళెంలో అది పెట్టి ఉంచండి, చేతులు ముంచుకుని రావడానికి అట్టే వ్యవధి ఉండదు. ఆ వ్యవధిలో స్టేజీ మీద అబ్బాయి ఒక్కడే ఉంటాడు, తలుపు చప్పుడు వింటూ, సముద్రమంత నీళ్ళు పోసినా ఈ చేతులు కడగలేవు, సముద్రమే ఎర్రబడుతుంది అంటాడు. ఆవిడ వచ్చి కాసిని నీళ్ళు చాలంటుంది. నిజంగానే చెంబూ నీళ్ళూ ఏర్పాటు చెయ్యండి, కానీ స్టేజీ మీద కడగనివ్వకండి. వాళ్ళు నీళ్ళవైపు కదులుతుండగానే లైటు తియ్యాలి. ఆ చేతులు ఎర్రగానే ఉండగా మీ దృశ్యం ముగియాలి.

తలుపు బాదే చప్పుడు రికార్డు చేసి స్పీకర్లో వెయ్యకండి. ఎవరైనా ఒకరు వెనక నిలబడి నిజం చెక్క మీద బాదాలి. మొదటిసారి రెండు దెబ్బలు, తర్వాత కాస్త ఎడం, తర్వాత ఎక్కువ. చప్పుడు వచ్చిన ప్రతిసారీ అబ్బాయి భుజాలు కదలాలి.

ఇంకొక్క మాట. చెక్క బాకులు ఆఖరి వారంలో చేయిద్దామని వాయిదా వెయ్యకండి. రేపటినుంచే వాళ్ళ చేతుల్లో ఉండాలి. అవి తయారయ్యేదాకా రెండు చెక్క స్కేళ్ళు ఇచ్చి అయినా చేయించు, ఖాళీ చేతులతో మాత్రం ఒక్క రిహార్సల్ కూడా వద్దు.